చిన్నవి చేరాయి, పెద్దవి ఆగిపోయాయి

ఆ సంగతి మొదట నా చెవిన వేసింది మిర్యాలగూడలో స్కానింగ్ మిషను నడిపే అమ్మాయి. మంగళవారం పొద్దున నేను దేవుడి దగ్గర వత్తి సరిచేస్తుంటే ఫోన్ చేసింది. మాకు చుట్టరికం ఏమీ లేదు. అయినా నన్ను అక్కా అంటుంది, నేను చెల్లె అంటాను.

“అక్కా, ఏమనుకోకు గని ఒక మాట. శుక్రవారం సాయంత్రం సంది మా దగ్గరి నుంచి ఒక్క స్కాను గూడ సూర్యాపేటకు పోలేదు.”

“గదేంది చెల్లె, లైను మంచిగనే ఉన్నది గదా? నా తెర మీద పచ్చ గుర్తే కనబడుతున్నది.”

“నాకు గూడ పచ్చగనే ఉన్నది. పేషెంట్ల పేర్లు పోతున్నయి, వయసులు పోతున్నయి. బొమ్మలే పోతలేవు. గిర్రున తిరుగుకుంట కూసున్నది. డాక్టర్ సారేమో మేం పంపలేదనుకున్నడు. మేమేమో సారు చూస్తలేడనుకున్నం. వచ్చినోళ్లకు రేపు రాండ్రి, రేపు రాండ్రి అని చెప్పి చెప్పి నా నోరు నొస్తున్నది.”

ఆమె ఆ రోజు ఫోన్ చేసినందుకు నేను ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్నాను. ఎవరి పని వాళ్లదని ఊరుకునే రోజులివి. తప్పు ఆమెది కాదు, డాక్టరుగారిదీ కాదు. నాది. అది ఎలా జరిగిందో చెప్పాలంటే నా పని గురించీ, ఆ పని నేర్పిన మనిషి గురించీ చెప్పాలి.

నేను అయిదో తరగతిలో ఉండగా కీళ్ల జ్వరం వచ్చింది. అది కీళ్లు వదిలి గుండెను పట్టుకుంది. బడి మెట్లెక్కితే ఆయాసం, నలుగురిలోకి పోతే జలుబు, జలుబు చేస్తే దవాఖాన. చివరికి బడి మానిపించారు. అక్కడి నుంచి మా ఇంటి వంటగదే నా బడి. మా అమ్మ బియ్యం ఏరుతూ తెలుగు చెప్పేది, కూర తరుగుతూ లెక్కలు చెప్పేది. మిగిలినదంతా మా మేనమామ చెప్పాడు.

ఆయన మా అమ్మకు తమ్ముడు. చిన్నప్పుడే కోదాడ చేరి కేబుల్ టీవీ పనిలో పడ్డాడు. స్తంభాలెక్కి తీగలు లాగేవాడు. టీవీలు పోయి ఇంటర్నెట్ వచ్చాక ఆ పనీ నేర్చుకున్నాడు. ప్రతి ఆదివారం బస్సెక్కి సూర్యాపేట వచ్చేవాడు. చంకలో తోలుసంచి, అందులో ఎవరో పాడైపోయిందని పడేసిన పెట్టె ఏదో ఒకటి ఉండేది. దాన్ని నా మంచం మీద విప్పి కూర్చునేవాడు. కోదాడలో అంతకాలం ఉండేసరికి ఆయన మాట సగం మాది, సగం ఆంధ్రావాళ్లది అయిపోయింది. మా అమ్మ నవ్వేది.

“ఏందిరా, వస్తుంది పోతుంది అంటున్నవ్. మనింట్ల ఎవలన్న గట్ల మాట్లాడుతరా?”

“అక్కా, స్తంభం మీదున్నోడికి ఏ భాష వస్తే ఏంటి, పట్టు తప్పకపోతే చాలదూ?”

నన్ను మాత్రం కోడలుపిల్లా అనేవాడు. ఇరవై ఏళ్లు దాటాక నాకు ఈ పని పెట్టించిందీ ఆయనే. ఒక చిన్న స్కానింగ్ సెంటరు. కోదాడలో ఒక గది, మిర్యాలగూడలో ఒక గది, సూర్యాపేటలో ఆఫీసు. బొమ్మలు తీసేది అక్కడ, చూసి రిపోర్టు రాసే డాక్టరు ఇక్కడ. అత్యవసరమైన వాళ్లను ఎలాగూ పెద్ద దవాఖానకు పంపేస్తారు. తక్కిన వాళ్ల బొమ్మలు నెట్టు మీదుగా రావాలి. ఆ రాకపోకల బాగోగులు ఇంట్లో కూర్చుని చూసుకోవడం నా ఉద్యోగం. గుండెకు బరువు లేని పని. ఆ పని నా చేతికొచ్చిన రోజు మా అమ్మ దేవుడికి చక్కెర పొంగలి పెట్టింది.

మొదటి రోజే నాకు ఒక సందేహం వచ్చింది. ఊరందరూ వాడే నెట్టులోనే ఈ బొమ్మలూ పోతాయి కదా, ఎవరి ఒంట్లో ఏముందో దారిలో ఎవరైనా చూస్తే? అదే అడిగాను. మామ ఎదురు ప్రశ్న వేశాడు.

“నీ ముడుపు మట్టపల్లికి ఎట్లా వెళ్లిందో తెలుసా కోడలుపిల్లా?” అన్నాడు.

తెలియకేం. నా గుండెకు ఆపరేషన్ అయ్యే ముందు మా అమ్మ పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల కట్టి, నేను బతికితే ఆ ముడుపు మట్టపల్లి నరసింహస్వామికి చెల్లిస్తానని మొక్కుకుంది. నేను బతికాను. కానీ అమ్మకు నన్ను విడిచి కదిలే వీలు లేకపోయింది. ముడుపు తీసుకుని మామ వెళ్లాడు.

“ముడుపు మీద ఎవరి పేరు ఉన్నట్టు? స్వామిది. కానీ ముడుపు తనంతట తాను నడవదు కదా? నా సంచిలో వేసుకున్నా. ఇక సంచి ఎటు పోతే అది అటు. బస్సు కండక్టరు నా టికెట్టు చూశాడు. హుజూర్‌నగర్‌లో బస్సు మారితే ఆ కండక్టరూ టికెట్టే చూశాడు. సంచిలో ముడుపుందని వాళ్లకి తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. కృష్ణ ఒడ్డున దిగినాక సంచి విప్పి ముడుపు బయటికి తీశా. అక్కడికి సంచి పని అయిపోయింది. అక్కడి నుంచి ముడుపు మీదున్న పేరే లెక్క.”

మా బొమ్మలు పోయే దారిని టన్నెల్ అంటారు, అదీ అంతే అన్నాడు. పేరుకు సొరంగమే గానీ ఎక్కడా తవ్వేదేమీ ఉండదు. మిర్యాలగూడ కంప్యూటరు బొమ్మను ముక్కలు చేస్తుంది. ప్రతి ముక్కనూ ఒక పెట్టెలో పెట్టి సూర్యాపేట కంప్యూటరు చిరునామా రాస్తుంది. ఆ చిరునామా మా లోపలి వాళ్లకు తప్ప బయట ఎవరికీ చెల్లదు. అందుకని మిర్యాలగూడ గడప దగ్గరున్న రౌటరు ఆ పెట్టె మొత్తాన్ని ఇంకొక తొడుగులో వేసి సీలు చేసి, పైన బయటి ప్రపంచానికి తెలిసిన చిరునామా రాస్తుంది. దారిలో ఎన్ని యంత్రాలున్నా పైచిరునామా చూసి ముందుకు తోయడమే వాటి పని. సూర్యాపేట గడప దగ్గర మా రౌటరు తొడుగు విప్పి పారేస్తుంది. లోపలి పెట్టె ఏమీ ఎరగనట్టు తన చోటికి పోతుంది.

“మోసేవాడు విప్పకూడదు. అది గుర్తుంచుకో, చాలు,” అన్నాడు. నేను ఆ మాట తప్పలేదు. ఇన్నేళ్లలో ఎవరి బొమ్మనూ తెరిచి చూడలేదు.

నాకు ఒక అలవాటు ఉంది. ఉత్తరం రాసినా, పచారీ చీటీ రాసినా పైన శ్రీరామ అని రాయడం మా అమ్మ నేర్పింది. అందుకని కొత్త టన్నెల్ కట్టినప్పుడల్లా ముందుగా శ్రీరామ అనే ఒక్క మాట ఇటు నుంచి అటు పంపి, చేరిందని చూసుకుని దండం పెట్టుకునేదాన్ని. మామకు అది తెలుసు. వద్దనలేదు, ఎగతాళి మాత్రం చేసేవాడు.

“రాముణ్ని పంపావు, బాగుంది. ఆయన ఏ సందులోనైనా దూరిపోతాడు తల్లీ. ఇప్పుడు లారీని పంపి చూడు.”

లారీ అంటే పెద్ద ఫైలు. వాళ్లింటి పెళ్లి వీడియో ఒకటి ఉండేది, గంటన్నర. ఏ టన్నెల్ కట్టినా దాన్ని ఒకసారి పంపి చూడమనేవాడు. ఎవరి పెళ్లో మరిచిపోయాను గానీ ఆ వధూవరులు మా ఊళ్లన్నీ ఎన్నిసార్లు తిరిగారో లెక్క లేదు.

మిర్యాలగూడలో రోడ్డు వెడల్పు చేస్తూ పాత లైను తెంపేశారు. ఆ శుక్రవారం ఇంకొకరి దగ్గర కొత్త లైను తీసుకున్నారు. మధ్యాహ్నం నేను ఇంటి నుంచే పాత టన్నెల్‌ను ఉన్నదున్నట్టుగా కొత్త లైను మీదికి మార్చాను. శ్రావణ శుక్రవారం. గుమ్మంలో అప్పటికే పేరంటాళ్లు వచ్చి నిలబడ్డారు. లోపల్నుంచి అమ్మ పిలుస్తోంది, “శనగలు నానినయి, పసుపు ఏడ వెట్టినవే, జల్ది రా” అని. శ్రీరామ అని పంపాను. చేరింది. కళ్లు మూసుకుని స్వామికి కృతజ్ఞత చెప్పుకున్నాను. కంప్యూటరు మూసి, పళ్లెం అందుకున్నాను.

లారీని పంపలేదు.

మంగళవారం ఆ అమ్మాయి ఫోన్ పెట్టేశాక మిర్యాలగూడలో ఆగిపోయిన వరుస తెరిచాను. అయిదుగురు. శుక్రవారం సాయంత్రం ఒకరు, శనివారం ఇద్దరు, సోమవారం ఇద్దరు. పేరు, వయసు, ఊరు, పక్కన తిరుగుతున్న చక్రం. మూడో వరుసలో మా మామ పేరు ఉంది. వయసు ఆయనదే. ఊరు కోదాడ.

ఆదివారం ఆయన మా ఇంటికి రాలేదు. పని ఉందన్నాడు. అంతకు ముందు ఆదివారం వచ్చి సగం అన్నం వదిలేస్తే అమ్మ తిట్టింది. “పొట్ట వచ్చిందక్కా, తగ్గిస్తున్నా” అని నవ్వాడు. కోదాడ గదిలో పెద్ద మిషను లేదు, అందుకే మిర్యాలగూడ దాకా పోయినట్టున్నాడు. మాకెవరికీ చెప్పలేదు.

ఏం చేయాలో తోచకపోతే నేను ఫోన్ చేసే మనిషి ఒక్కడే. ఆయనకే చేశాను. పేరు చూసిన సంగతి ఎత్తలేదు.

“మామా, మిర్యాలగూడ టన్నెల్ నడుస్తనే ఉన్నది. చిన్నవి పోతున్నయి, పెద్దవి ఆగుతున్నయి.”

“కొత్త లైనా?”

“ఆఁ. శుక్రవారం మార్చిన.”

“లారీ పంపావా?”

“శ్రీరామ పంపిన మామా.”

“పంపలేదన్నమాట. రాముడితో సరిపెట్టావు.” కోప్పడలేదు. దగ్గాడు, ఊపిరి తీసుకున్నాడు. “సరే, విను. దారిలో గేట్లుంటాయి. పదిహేను వందల సైజుకు మించిన పెట్టె ఆ గేట్లో పట్టదు. కంప్యూటరేమో గేటు నిండేంత పెట్టె కడుతుంది. మన టన్నెల్ దానిమీద తొడుగు వేస్తుంది. తొడుగుకి మందం ఉండదూ?”

“ఉంటది. దానికి చోటిడిచే కట్టినం గదా అప్పుడు.”

“పాత లైనుకి విడిచాం. ఈ కొత్త లైనువాడు మన తొడుగు మీద వాడిదొక పల్చటి తొడుగు వేస్తాడు. ఇప్పుడు పడుతుందా?”

“పట్టదు.”

“పట్టకపోతే గేటు దగ్గరోడు ఏం చేయాలి?”

“పెద్దగున్నది, చిన్నగ కట్టి పంపమని వెనక్కి చీటీ రాయాలె.”

“చీటీ వచ్చిందా?”

“రాలేదు మామా.”

“ఆ చీటీలని దారిలో ఎవడో ఆపేస్తున్నాడు. భద్రత అంటారు కొంతమంది. పంపినోడికి తెలియదు పాపం. జవాబు రాలేదని మళ్లీ అదే పెట్టె పంపుతాడు. గేటు దగ్గర మళ్లీ పడేస్తారు. నాలుగు రోజులైనా అంతే, నాలుగేళ్లైనా అంతే. చిన్న మాటలకి ఈ బాధ లేదు. తొడుగు మీద తొడుగు వేసినా అవి పడతాయి. అందుకే నీకు అంతా పచ్చగా కనపడింది.”

“మరిప్పుడు?”

“మొదట్లోనే పెట్టె చిన్నగా కట్టమని చెప్పు. తొడుగులకి చోటు వదులు. పద్నాలుగు వందలు పెట్టు. ఇంకాస్త తగ్గించినా నష్టం లేదు.”

ఫోన్ చెవికి ఆనించుకునే మార్చాను. ఒక నిమిషం ఏమీ జరగలేదు. తర్వాత మొదటి చక్రం ఆగి, పక్కన చేరినట్టు గుర్తు పడింది.

“కదిలినయి మామా. ఒకటి పోయింది. రెండోది పోతున్నది.”

“శనివారంవి పోతున్నాయా?”

ఆగిన స్కాన్లు ఏ రోజువో నేను చెప్పనేలేదు. ఆయనకు అది తట్టినట్టుంది, నాకూ తట్టింది. మూడో చక్రం తిరుగుతూనే ఉంది. అది ఆగాలని దేవుణ్ని వేడుకున్నాను, ఆగకూడదని కూడా వేడుకున్నాను. ఆగింది. చేరింది.

“పేరు చూశావా?” అన్నాడు.

“చూసిన.”

“బొమ్మ తెరిచావా?”

“లేదు మామా.”

“మంచిది. అమ్మకి చెప్పకు, నేనే వచ్చి చెప్తా.”

సాయంత్రానికి రిపోర్టు వచ్చింది. కాలేయంలో మొదలైందట, అప్పటికే చాలా దూరం పాకిందట. ఆ మాటలు డాక్టరుగారు నాతో నెమ్మదిగా, కుర్చీలో కూర్చోబెట్టి చెప్పారు. ఆయన దయగల మనిషి. నేను అడిగిన ప్రశ్నకు రెండుసార్లు ఒకే జవాబు చెప్పారు. “అమ్మా, నాలుగు రోజుల్లో మారేది ఏమీ లేదు. నాలుగు నెలల ముందు తెలిసినా కష్టమే.” ఆయన అబద్ధం చెప్పరని నాకు తెలుసు. అయినా దేవుడి ముందు కూర్చున్నప్పుడల్లా ఆ నాలుగు రోజులు నా ఎదురుగా వచ్చి కూర్చునేవి. ఒక్క పెళ్లి వీడియో పంపి ఉంటే అరగంటలో బయటపడే సంగతి. దేవుడి పేరు చేరింది గనుక అన్నీ చేరతాయనుకున్నాను. నా భక్తి మీద నాకు సిగ్గేసింది.

కోదాడ వెళ్లి ఆయన మంచం పక్కన కూర్చుని ఆ మాట చెప్పాను. మా అత్త గోడకానుకుని వింటోంది.

“పిచ్చిదానా,” అన్నాడు. “నీ వల్ల నాకు నాలుగు రోజులు కలిసొచ్చాయి. శనివారం మిషను మీద నుంచి లేచి నేరుగా నేరేడుచర్ల పోయా. అక్కడో మిల్లులో నెట్టు పడిపోయి ఏడుస్తున్నారు, బాగుచేశా. వాళ్లు నాటుకోడి పెట్టారు.”

“కోడి తిన్నవా!” అత్త ముందుకొచ్చింది. “నాతోటి మజ్జిగన్నం తిన్న అన్నవ్!”

“చూశావా, ఇదొకటి బయటపడింది.” నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. “ఆదివారం స్తంభం కూడా ఎక్కానే. మంగళవారం సాయంత్రం దాకా నేను రోగిని కాదు. కాగితం వచ్చాక రోగినయ్యా. ఆ నాలుగు రోజులు ఎవరిచ్చారు? నువ్విచ్చావు.”

నేను ఏడుస్తూనే నవ్వాను. ఆయన అలా అన్నందుకు ఇప్పటికీ రోజూ దేవుడికి దండం పెడతాను. క్షమించే మనుషుల మధ్య పుట్టించినందుకు.

కానీ ఆయన అక్కడితో వదల్లేదు. రెండు వారాల తర్వాత వెళ్తే, మాట సన్నగిల్లిపోయింది, అయినా అడిగాడు.

“మిగతా నలుగురు?”

“ఏ నలుగురు మామా?”

“ఆ వరుసలో నాతో ఆగినోళ్లు. వాళ్లకి రిపోర్టులు ముట్టాయా?”

తలదించుకున్నాను. ఆ నలుగురు నాకు గుర్తే రాలేదు. నా దుఃఖం నా మనిషి చుట్టూనే తిరిగింది. బయట వసారాలోకి వచ్చి మిర్యాలగూడ చెల్లెకు ఫోన్ చేశాను.

“ముగ్గురివి తీస్కపోయిండ్రక్కా. ఒక్కామెది ఉండిపోయింది. మొట్టమొదటామె, శుక్రవారం సాయంత్రం తీసినామె. మాడుగులపల్లి దిక్కు నుంచొచ్చింది. కూలికి పోతదట. శనివారం వచ్చింది, రేపు రమ్మన్న. ఆదివారం మాకు బంద్ గదా, సోమవారం మళ్లొచ్చింది, రేపు రా అమ్మా అన్న. నా మొకం దిక్కు శానసేపు చూసింది. మంగళవారం రాలేదు. ఇచ్చిన నంబరు పక్కింటోళ్లదట, అది మోగుతలేదు. అక్కా, బాధేందంటే, ఆమె రిపోర్టుల భయపడేదేం లేదంట. సారే చెప్పిండు. కడుపుల నొప్పికి మామూలు మందులు సాలు అన్నడు.”

ఆ ఆదివారం చెల్లె చర్చిలో ప్రార్థన ముగించుకుని తెల్లచీరతోనే వచ్చింది. ఇద్దరం ఆటోలో మాడుగులపల్లి వెళ్లాం. కాగితంలో ఉన్న చిరునామా పట్టుకుని అడుగుతూ పోతే ఊరి చివర ఇల్లు దొరికింది. తాళం వేసి ఉంది. పక్కింటి అరుగు మీద ఒకామె చేటలో పెసలు చెరుగుతోంది.

“సర్వేకొచ్చిండ్రా? మొన్ననే రాసుకపోయిండ్రు గదా.”

“సర్వే కాదమ్మా, మిర్యాలగూడ స్కానింగ్ నుంచి,” అంది చెల్లె.

ఆమె చేట కింద పెట్టింది. “ఇప్పుడొచ్చిండ్రా తల్లీ, తీరిపారి? ఆమె పోయి ఇన్ని దినాలాయె.”

నేనే అడిగాను. “యాడికి పోయిందమ్మా?”

“నాట్లకు. కృష్ణ అవతల దిక్కు ముఠా పోతుంటే వాళ్లెంబడి పోయింది. రేపు రా, రేపు రా అంటే ఎవలికి సమజ్ గాదు? పెద్ద రోగమై నోటితోటి చెప్పలేక తిప్పుతుండ్రు అన్నది. మా దిక్కు గంతే. డాక్టరు నోరు ఇప్పలేదంటే ఇగ ఖతమే. చేతులాడినన్ని రోజులు పని చేస్త, ఆడనినాడు గాడనే పండుకుంట, ఇంటికి తిరిగొచ్చి ఎవలను పరేషాన్ చెయ్య అన్నది.”

చెల్లె రిపోర్టు ఉన్న కవరు ముందుకు చాపింది. “ఏం లేదమ్మా ఆమెకు. పెద్ద రోగం ఏం లేదు. మా మిషన్ల లైను ఖరాబై ఆలస్యమైంది, గంతే.”

“ఏం లేదా?”

“ఏం లేదు.”

ఆమె నుదురు కొట్టుకుంది. “అయ్యో. ఏడ్సుకుంట పోయింది గదనే, కోళ్లను గూడ నాకిచ్చి!”

చూస్తే నిజంగానే ఆమె అరుగు కింద రెండు గుంపుల కోళ్లు తిరుగుతున్నాయి. ఒక గుంపు కాళ్లకు ఎర్రదారం కట్టి ఉంది. ఆ తల్లి తనవని గుర్తు పెట్టి ఇచ్చిపోయిందట. తాను తిరిగి రానప్పుడు గుర్తెందుకని నేను అడగబోయి మానేశాను.

ఆమె దగ్గర ఫోన్ లేదు. ముఠామేస్త్రీ నంబరు ఎవరో ఇచ్చారు. చేస్తే, ఆమె మూడు రోజులు మాత్రమే తమతో ఉండి ఇంకో గుంపుతో వేరే ఊరికి పోయిందన్నాడు. కవరు పక్కింటామెకు ఇచ్చి, వస్తే ముందు ఈ ఒక్క మాట చెప్పమని బతిమాలాం. ఆమె దాన్ని బియ్యం డబ్బా మీద పెట్టి, పైన దేవుడి పటం ఆనించింది. ఎగిరిపోకుండా అంది.

తిరుగు దారిలో చెల్లె ఆటోలో నా చెయ్యి పట్టుకుంది. “అక్కా, ఆ సోమవారం నవ్వన్న నవ్వకపోతిని. మొకం మాడ్చుకుని రేపు రా అన్న. నా మొకం చూసే అనుకున్నదేమో.” చెల్లె తన దేవుణ్ని, నేను నా దేవుణ్ని ఒకే మాట అడుగుతూ మిర్యాలగూడ దాకా వచ్చాం.

మామ దసరా దాకా లేచి కూర్చోగలిగాడు. తర్వాత లేవలేదు. వెళ్లిన ప్రతిసారీ అదే అడిగేవాడు. “ఆమెకి చేరిందా?” నాట్లు అయిపోయాయి, కలుపులు అయిపోయాయి, కోతలకు మిషన్లు దిగాయి. నేను పక్కింటామెకు వారం వారం ఫోన్ చేసేదాన్ని. ఆమె విసుక్కోకుండా, “రాలేదు తల్లీ, కోళ్లు మాత్రం మంచిగున్నయి” అనేది.

ఒకసారి మామ మనసు కుదుటపడుతుందని అబద్ధం చెబుదామనుకున్నాను. కవరు ఊరిదాకా చేరింది కదా, అది సగం నిజమే కదా అనిపించింది. “ఊరికి చేరింది మామా, పక్కింట్ల ఉన్నది,” అన్నాను.

ఆయన కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపాడు. “గడప దాకా వెళ్తే చేరినట్టు కాదమ్మా. ముట్టిందని అటు నుంచి కబురు రావాలి. రాకపోతే మళ్లీ పంపాలి. పంపుతూనే ఉండాలి.”

కార్తీకం వెళ్లిపోతుండగా, ఒక మధ్యాహ్నం, అత్త గంజి చల్లారుస్తుండగా ఆయన వెళ్లిపోయాడు. కోదాడలో తీగల పని చేసేవాళ్లంతా నిచ్చెనలు గోడకు ఆనించి వచ్చి పాడె మోశారు. దినం నాడు ఒకరి తర్వాత ఒకరు వచ్చి నాకు పని నేర్పిండు, నాకు అన్నం పెట్టిండు అని చెప్పుకున్నారు. ఆయనను తలుచుకునేవాళ్లకు కొదవ లేదు. మా అమ్మ ఇప్పటికీ ఆదివారం ఒక గుప్పెడు బియ్యం ఎక్కువ పోస్తుంది. నన్ను నడిపించినందుకు, క్షమించినందుకు, నా మనిషి దగ్గర ఆగిపోయిన నా చూపును పక్క మనిషి మీదికి తిప్పినందుకు ఆయనకు నేను చెల్లించగలిగింది ఏమీ లేదు, ఆ కబురును మళ్లీ మళ్లీ పంపడం తప్ప.

ఇది రాయడం కూడా అందుకే. ఆమెకు చదవడం రాదు, ఇది ఆమెకు చేరదు. అయినా మీరు నాట్లకు పోయే మనుషులున్న ఊళ్లలో ఉండవచ్చు, అటు వెళ్లే ఆటో ఎక్కవచ్చు. మీరు దీపం పెట్టినా, ప్రార్థన చేసినా, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నా సరే. మా మామను తలుచుకోవడానికి మేమున్నాం. మీరు మాత్రం, ఏ జబ్బూ లేకుండానే చావును వెంటబెట్టుకుని పరాయి పొలాల్లో వంగి నడుస్తున్న ఆ మాడుగులపల్లి తల్లిని ఒక్కసారి తలుచుకోండి.